ఇంగ్లిష్ వాళ్ళ పాత కేకలు, ఊరికో వాడుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ నవలలూ నాటకాలూ చదివేవాళ్ళు, చదువుకో ఉద్యోగానికో బయటి దేశాలకు వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలివి. సగం నాలుగు వందల ఏళ్ళ నాటి ఒట్లూ తిట్ల గురించి, మిగతా సగం ఇవాళ్టి వీధి భాష గురించి. నిఘంటువు తిరగేస్తే అర్థం దొరుకుతుంది. ఆ మాట ఎవరు ఎవరితో అంటారో, ఏ ఊళ్ళో అనకూడదో మాత్రం అందులో వెతుక్కోవడం కష్టం.

పాత నాటకాల్లో కోపం వస్తే "జౌండ్స్" అంటారు. అదేం మాట?

అదొక ఒట్టు. విడదీస్తే "దేవుని గాయాలు" అని. సిలువ మీద క్రీస్తుకు తగిలిన గాయాల తోడు అని దాని భావం. "గాడ్స్ వూండ్స్" అనేదాన్ని కొంత తొందరలోనూ కొంత కావాలనీ మింగేస్తూ పలికితే ముందున్న దేవుడు మాయమై చివరి "జ" శబ్దం మిగిలింది. "స్‌బ్లడ్" అంటే దేవుని రక్తం. "ఆడ్స్ బాడికిన్స్" అంటే దేవుని చిన్ని దేహం. "గాడ్‌జూక్స్" దేవుని కొక్కేల నుంచి, అంటే సిలువకు కొట్టిన మేకుల నుంచి వచ్చిందని చెబుతారు. షేక్‌స్పియర్ పాత్రలు మాటకు ముందు "మ్యారీ" అంటే పెళ్ళి గురించి కాదు, మరియమ్మ తోడు అని. బడిలో ఈ ఒక్క మాట దగ్గర తికమక పడనివాళ్ళు తక్కువ.

నేరుగా దేవుడి పేరే అనొచ్చుగా, ఈ ముక్కలు చెయ్యడం ఎందుకు?

దేవుని పేరు వ్యర్థంగా ఎత్తకూడదని బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒకటి. కోపంలోనో తాగినప్పుడో నోరు జారితే పాపం. అందుకని పేరును సగం కొరికి వదిలేసేవారు. చట్టం కూడా తోడయింది. 1606లో ఇంగ్లండ్ పార్లమెంటు నాటకాల వాళ్ళ మీద ఒక చట్టం చేసింది. రంగస్థలం మీద దేవుడి పేరు, క్రీస్తు పేరు, పరిశుద్ధాత్మ పేరు వేళాకోళంగా ఎత్తితే ఒక్కో తప్పుకు 10 పౌన్ల జరిమానా. అందులో సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. అంటే ప్రేక్షకుల్లో ఏ బేరగాడైనా చెవులు రిక్కించుకుని కూర్చుంటే, నటుడి నోరు జారిన ప్రతిసారీ వాడికి 5 పౌన్లు! ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు.

దీని ఫలితం అచ్చులో ఇప్పటికీ చూడొచ్చు. "ఒథెల్లో" నాటకం 1622లో ఒకసారి, 1623లో షేక్‌స్పియర్ నాటకాలన్నీ కలిపి వేసిన పెద్ద సంపుటంలో ఒకసారి అచ్చయింది. 1622 ప్రతిలో ఇయాగో "స్‌బ్లడ్" అంటూ నోరు తెరుస్తాడు. మరుసటి ఏడు ప్రతిలో ఆ మాట లేదు. నాటకం పొడుగునా ఇలాంటి ఒట్లు ఏరిపారేశారు. ఇయాగో లాంటి దుర్మార్గుడి నోరు కడిగేస్తే పాత్ర కొంచెం చప్పబడిందని నా అభిప్రాయం.

మన భాషలో ఇలాంటి భయం లేదా?

దేవుడి పేరు విషయంలో లేదు, పైగా అంతా తిరగబడి ఉంటుంది. "రామ రామ", "శివ శివా", "నారాయణ", "అయ్యో రామా" అని విసుగులో అన్నా పుణ్యమే అనుకునే జాతి మనది. పేరు మింగాల్సిన అవసరం రాలేదు. అయితే నోటితో అనడానికి భయపడే మాటలు మనకూ ఉన్నాయి, అవి వేరే చోట ఉన్నాయి. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. రాత్రిపూట పాము అనకుండా పురుగు అనేవారు. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. ఇంగ్లిష్ వాడు దేవుడి పేరు దగ్గర ఆగిపోతే, మనవాళ్ళు చావు దగ్గరా విషం దగ్గరా ఆగిపోయారు.

గాష్, గాలీ, జీ, క్రైకీ... ఇవన్నీ కూడా అవేనా?

అవే. పిల్లల పుస్తకాల్లో అమాయకంగా కనిపిస్తాయి గానీ అన్నిటి వెనకా చర్చి ఉంది. "గాష్", "గాలీ" రెండూ గాడ్ అనబోయి పక్కకు తిప్పినవి. "జీ" జీసస్ మొదటి అక్షరం. "క్రైకీ", "క్రైప్స్" క్రైస్ట్ నుంచి. "హెక్" నరకానికి మారుపేరు, "డార్న్" డామ్‌కు మారుపేరు. "డ్రాట్" అంటే దేవుడు కుళ్ళబెట్టుగాక అని అసలు శాపం. "బ్లైమీ" మరీ ఘోరం, "దేవుడు నా కళ్ళు పోగొట్టుగాక" అన్నది దాని పూర్తి రూపం. అబద్ధమాడితే కళ్ళు పోతాయని మనం పిల్లల్ని బెదిరించడానికి ఇది చాలా దగ్గర.

వీటిలోనూ ప్రాంతాలున్నాయి. "బ్లైమీ" లండన్ మాట. "బై గమ్" యార్క్‌షైర్, లాంకషైర్ మాట, అక్కడ గాడ్ కాస్తా గమ్ అయింది. "జీ విజ్" అమెరికా. "స్ట్రూత్", అంటే దేవుని సత్యం, ఇంగ్లండులో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడింది. ఐర్లండ్ వాళ్ళు "బిగోరా" అంటారని సినిమాలు నేర్పాయి కానీ, అది ఐరిష్ వాళ్ళ నోట కన్నా ఐరిష్ వేషం కట్టినవాళ్ళ నోట ఎక్కువ వినిపిస్తుంది. డబ్లిన్‌లో అంటే నవ్వుతారు.

"వాట్ ద డిక్కెన్స్" అంటే నవలాకారుడు చార్లెస్ డికెన్స్ పేరేనా?

కాదు. ఆయన పుట్టింది 1812లో. షేక్‌స్పియర్ అంతకు రెండు వందల ఏళ్ళ ముందే "మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్" నాటకంలో ఈ మాట వాడాడు. సైతాను పేరెత్తకుండా పెట్టుకున్న మారుపేరు ఇది.

"బ్లడీ" నిజంగా బూతా? మన సినిమాల్లో విలన్లు తెగ వాడేస్తారే?

మన సినిమాల "బ్లడీ ఫూల్"కు కాగితం పులి అంత బలం కూడా లేదు. ఇంగ్లండులో మాత్రం ఒకప్పుడు దీన్ని పత్రికలు అచ్చువేసేవి కావు, మొదటి అక్షరం వేసి గీత గీసేవి. 1914 ఏప్రిల్‌లో లండన్‌లో బెర్నార్డ్ షా "పిగ్మాలియన్" ఆడినప్పుడు, పూలమ్మే పిల్ల ఎలైజా వేషంలో ఉన్న మిసెస్ పాట్రిక్ క్యాంప్‌బెల్ పెద్దింటి డ్రాయింగ్ రూములో నిలబడి "నాట్ బ్లడీ లైక్లీ" అంది. ప్రేక్షకులు ఎంతసేపటికీ నవ్వు ఆపలేదు. ఆ ఒక్క మాట గురించి పత్రికలు రోజుల తరబడి రాశాయి.

ఇది "బై అవర్ లేడీ", అంటే మేరీమాత తోడు అన్నదాని నుంచి వచ్చిందని చాలా పుస్తకాల్లో చదువుతారు. భాషా చరిత్రకారులు దాన్ని నమ్మరు. ఇక ఆస్ట్రేలియాలో ఇది ఉప్పు కారం లాగా అన్నిట్లోనూ పడుతుంది. 2006లో ఆ దేశ పర్యాటక శాఖ "వేర్ ద బ్లడీ హెల్ ఆర్ యూ" అని ప్రకటన తీసింది. ప్రేమగా పిలుస్తున్నామని వాళ్ళ ఉద్దేశం. బ్రిటన్ టీవీ వాళ్ళు మొదట దాన్ని ఆపేశారు, గొడవయ్యాక అనుమతించారు. మాట ఒకటే, వాడేది రెండు దేశాల్లో, బరువు వేరు.

"ఐ డోంట్ గివ్ ఎ డామ్" మన దమ్మిడీ నుంచి వచ్చిందట. నిజమేనా?

కథ బాగుంది. అక్బరు కాలంలో దామ్ అనే రాగి నాణెం ఉండేది, 40 దాములు ఒక రూపాయి. దానికన్నా చిన్నది దమ్మిడీ. "దమ్మిడీకి కూడా లెక్క చెయ్యను" అని మనం అనే మాటనే మన దేశంలోని తెల్లవాళ్ళు పట్టుకెళ్ళారని 1886లో వచ్చిన "హాబ్సన్-జాబ్సన్" అనే నిఘంటువు సూచించింది. ఆంగ్లో-ఇండియన్ మాటల మీద హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ చేసిన గొప్ప పని అది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, పుస్తకం వెలువడక ముందే 1882లో చనిపోయాడు.

అయినా ఈ కథ నిలవదు. శాపనార్థం పెట్టే "డామ్" ఇంగ్లిష్‌లో ఎప్పటి నుంచో ఉంది. నూరేళ్ళ యుద్ధం నాటికే, అంటే తెల్లవాడు మన తీరం చూడక ముందే, మాట మాటకీ ఆ తిట్టు తిట్టే ఇంగ్లిష్ సైనికులకు ఫ్రెంచివాళ్ళు "గోడాన్" అని పేరు పెట్టుకున్నారు. నాణెం పేరూ తిట్టూ వినడానికి ఒకేలా ఉన్నాయి, అంతే. ఇక్కడి దొరలు దమ్మిడీని ఆ తిట్టుతో కలిపి చతురోక్తిగా వాడి ఉండొచ్చు. పుట్టుక మాత్రం ఇక్కడ కాదు.

అయితే మన దేశం నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్ళిన కేకలు ఏమీ లేవా?

ఉన్నాయి, ఆ నిఘంటువు పేరే ఒక కేక. మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అని గుండెలు బాదుకుంటుంటే, బ్రిటిష్ సిపాయిల చెవికి అది "హాబ్సన్-జాబ్సన్" అనే ఇద్దరు దొరల పేర్లలా వినపడింది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పీర్ల పండుగ చూసి పెరిగినవాళ్ళకు ఆ కేక చెప్పక్కర్లేదు. పరాయి మాటను తన నోటికి వీలుగా సాగదీసుకోవడానికి భాషా శాస్త్రంలో ఇప్పుడు ఆ పేరే పెట్టారు.

మన "ఛీ ఛీ" కూడా అందులో ఉంది. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల వాళ్ళు మాటకు ముందు ఛీ అంటారని వాళ్ళనే, వాళ్ళ యాసనే "చీ-చీ" అని వెక్కిరించేవారు తెల్లదొరలు. ఇది అవమానకరమైన మాట, చరిత్రగా తెలుసుకోవడానికే తప్ప వాడడానికి కాదు. సిపాయిలు ఇంటికి పట్టుకెళ్ళిన మాటలు వేరే. చూడడాన్ని "డెకో" అన్నారు, హిందీ దేఖో నుంచి. స్వదేశాన్ని "బ్లైటీ" అన్నారు, విలాయతీ నుంచి. మతి చెదిరినవాణ్ణి "డూలాలీ" అన్నారు. నాసిక్ దగ్గరి దేవలాలీ మిలిటరీ మకాంలో ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ ఎండకూ విసుగుకూ సైనికులకు పిచ్చెక్కేదట.

సంతోషించాల్సిన సంగతి ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 2016లో "అయ్యో"ను చేర్చుకుంది, మరుసటి ఏడాది "అన్నా"ను. అయ్యో మాదంటే మాదని తమిళులూ సింహళీయులూ చైనీయులూ కూడా అంటారు. అందరూ కలిసి ఏడ్చే మాటకు ఒక సొంతదారు ఎందుకు?

"ఓకే" ఎక్కడ పుట్టింది?

దీనికి తేదీ ఉంది. 1839 మార్చి 23, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రిక. మాటల్ని కావాలని తప్పుడు స్పెల్లింగుతో రాసి, వాటి పొట్టి అక్షరాలు వాడడం అప్పుడు అక్కడి విలేకరులకు సరదా. "ఆల్ కరెక్ట్"ను "ఓల్ కొరెక్ట్" అని రాసుకుని దాన్ని ఓకే చేశారు. అలా పుట్టిన డజన్ల కొద్దీ పొట్టి మాటలు చచ్చిపోయాయి. ఇది బతకడానికి ఎన్నికలు కారణం. 1840లో మళ్ళీ అధ్యక్ష పదవికి నిలబడ్డ మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ఆయన్ను "ఓల్డ్ కిండర్‌హుక్" అని పిలుస్తూ అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట గెలిచింది. ఇదంతా పాత పత్రికల్లోంచి తవ్వి 1960లలో బయటపెట్టినవాడు కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్.

"హలో"?

దూరంగా ఉన్నవాణ్ణి కేకేసే పాత అరుపుల సంతానం. ఫోను వచ్చాక ఎత్తగానే ఏమనాలో ఎవరికీ తెలియలేదు. గ్రాహమ్ బెల్ ఓడవాళ్ళ మాట "అహోయ్" అనమన్నాడు. 1877లో ఎడిసన్ "హలో" చాలన్నాడు. ఎవరి మాట నెగ్గిందో మీ ఫోను చెబుతుంది.

బ్రిటన్‌కు చదువుకు వెళ్తున్నాను. దుకాణంలో ఆవిడ "డక్" అని పిలిస్తే ఏమనుకోవాలి?

ఆప్యాయత అనుకోవాలి. నాటింగ్‌హామ్, డెర్బీ, స్టోక్ వైపు ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా "డక్" అంటారు. న్యూకాసిల్‌లో "పెట్", గ్లాస్గోలో ఆడవాళ్ళను "హెన్", యార్క్‌షైర్‌లో "లవ్", బ్రిస్టల్ వైపు "మై లవర్". చివరిది విని కంగారుపడకండి, మనం ఆటో ఆయన్ని అన్నా అనడం, కూరగాయలామెను అమ్మా అనడం లాంటిదే. మీరు తిరిగి అలా పిలవాల్సిన పని లేదు, పరాయి యాసలో అది కృతకంగా ఉంటుంది. నవ్వి "చీర్స్" అంటే సరిపోతుంది. అక్కడ దాని అర్థం థ్యాంక్స్.

అసలు ఇబ్బంది "టీ" దగ్గర వస్తుంది. ఉత్తర ఇంగ్లండులో "డిన్నర్" అంటే చాలామందికి మధ్యాహ్నం భోజనం, "టీ" అంటే సాయంత్రం భోజనం. సాయంత్రం ఆరింటికి టీకి రమ్మంటే కడుపునిండా తిని వెళ్ళకండి. చిన్న గుండ్రటి బ్రెడ్డుకైతే ఊరికో పేరు: నాటింగ్‌హామ్‌లో కాబ్, మాంచెస్టర్‌లో బార్మ్, కోవెంట్రీలో బ్యాచ్. న్యూకాసిల్ వాళ్ళ స్టాటీ కాస్త పెద్దది, చదునుగా ఉంటుంది. దీని మీద వాళ్ళు గంటసేపు పోట్లాడుకోగలరు. "యూ ఆల్‌రైట్?" అని అడిగితే మీ ఆరోగ్యం గురించి కాదు, నమస్కారం లాంటిది. మళ్ళీ "ఆల్‌రైట్" అనేసి ముందుకెళ్ళాలి.

లండన్ కుర్రాళ్ళ భాష మరో లోకం. 1948 నుంచి కరీబియన్ దీవుల వాళ్ళు, తర్వాత మనవాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు వచ్చి స్థిరపడిన పేటల్లో అది కొత్తగా అల్లుకుంది. "వాగ్వాన్" జమైకా పలకరింపు. వాక్యం ఏదైనా చివర "ఇనిట్" తగిలిస్తారు, సరిగ్గా మన "కదా" లాగా.

కాక్నీ రైమింగ్ స్లాంగ్ అర్థం చేసుకోవడం ఎలా?

తూర్పు లండన్ చిరువ్యాపారుల నోట 19వ శతాబ్దం మధ్యలో పెరిగింది. జాన్ క్యామ్డెన్ హాటెన్ 1859 నాటి స్లాంగ్ నిఘంటువులో దీన్ని నమోదు చేశాడు. సూత్రం తేలికే: చెప్పాలనుకున్న మాటకు ప్రాస కుదిరే జంట మాట తెచ్చి, ప్రాస ఉన్న ముక్కనే కోసేస్తారు. లుక్ అనడానికి "బుచర్స్ హుక్", అందులోంచి హుక్ తీసేస్తే మిగిలేది "బుచర్స్". హెడ్‌కు "లోఫ్ ఆఫ్ బ్రెడ్", కాబట్టి "యూజ్ యువర్ లోఫ్" అంటే బుర్ర వాడు. కూరను "రూబీ" అంటారు, 1950ల నాటి బెల్‌ఫాస్ట్ గాయని రూబీ మర్రీ పేరు కర్రీతో ప్రాస కుదిరింది పాపం.

అమెరికాలో కూడా ఇంత తేడా ఉంటుందా? టీవీలో అందరూ ఒకేలా మాట్లాడతారే.

టీవీని నమ్మకండి. 1965 నుంచి 1970 దాకా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మనుషులు ఆకుపచ్చ వ్యాన్లలో 1,002 ఊళ్ళు తిరిగి మాటలు పోగుచేశారు. ఆ అమెరికా ప్రాంతీయ మాటల నిఘంటువు మొదటి సంపుటం 1985లో, ఐదోది 2012లో వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ క్యాసిడీ చివరి సంపుటం చూడకుండానే 2000లో పోయాడు. ఆయన సమాధి రాయి మీద "ఆన్ టు జెడ్!" అని చెక్కారు. అమెరికాలో కాబట్టి దాన్ని "జీ" అని చదవాలి.

డాలస్‌లో దిగే మన పిల్లలకు మొదట అంటుకునేది "యాల్". ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ఒకరికి దౌ, పలువురికి యే ఉండేవి. దౌ పోయి అందరికీ యూ ఒక్కటే మిగిలింది. ఆ ఖాళీని దక్షిణాది వాళ్ళు యాల్‌తో, పిట్స్‌బర్గ్ వాళ్ళు "యిన్జ్"తో, న్యూయార్క్‌లో కొందరు "యూజ్"తో పూడ్చుకున్నారు. దక్షిణాదిలోనే ఇంకో మాట, "బ్లెస్ యువర్ హార్ట్". జాలితోనూ అంటారు, ఎదుటివాడు వెర్రివాడని మర్యాదగా చెప్పడానికీ అంటారు. ఏదో గొంతు బట్టి గ్రహించాలి.

చాలా అనడానికి బోస్టన్ వైపు "వికెడ్", మనవాళ్ళు ఎక్కువగా ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో "హెల్లా". ఫిలడెల్ఫియాలో వస్తువు, చోటు, ఏదైనా "జాన్". మనం కూల్‌డ్రింక్ అనేదాన్ని ఈశాన్య రాష్ట్రాల్లో సోడా అంటారు, షికాగో చుట్టూ పాప్ అంటారు. అట్లాంటా వైపు ఏ డ్రింకైనా కోక్‌యే, ఆ డ్రింకు 1886లో పుట్టిన ఊరు మరి.

ఆస్ట్రేలియా?

మధ్యాహ్నం "ఆర్వో", టిఫిన్ "బ్రెకీ". ఈత బట్టలకు బ్రిస్బేన్‌లో టాగ్స్, సిడ్నీలో స్విమర్స్, మెల్‌బోర్న్‌లో బేదర్స్. అడవిలో దారి తప్పినప్పుడు పెట్టే "కూయీ" కేక మాత్రం ఇంగ్లండు నుంచి రాలేదు. సిడ్నీ ప్రాంతపు మూలవాసుల ధరుగ్ భాష నుంచి తెల్లవాళ్ళు నేర్చుకున్నారు.

ఏ మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి?

పెళ్ళి ప్రకటనల్లో మనం మెచ్చుకోలుగా రాసే "హోమ్లీ" అమెరికాలో అందవిహీనమని అర్థం. అక్కడి సంబంధానికి బయోడేటా పంపేటప్పుడు ముందు అది కొట్టేయండి. చెరిపే "రబ్బర్" అమెరికాలో కండోమ్. "ప్యాంట్స్" అమెరికాలో ప్యాంటే, బ్రిటన్‌లో లోదుస్తులు. "థాంగ్స్" ఆస్ట్రేలియాలో హవాయి చెప్పులు, మిగతా చోట్ల అవీ లోదుస్తులే. "పిస్డ్" అంటే అమెరికావాడికి కోపం, బ్రిటన్‌వాడు తాగి ఉన్నాడు. ఫలానా జట్టుకు "రూట్" చేస్తున్నానని ఆస్ట్రేలియాలో అనకండి, అక్కడ ఆ క్రియ పడకగదిలోది.

"ఓ మై గాడ్" అంటే ఎవరైనా నొచ్చుకుంటారా?

భక్తిగల క్రైస్తవ కుటుంబాల్లో, ముఖ్యంగా అమెరికా దక్షిణాదిలో, పెద్దవాళ్ళు నొచ్చుకోవచ్చు. వాళ్ళింట్లో పిల్లలు "ఓ మై గాష్" అంటారు. దాని పొట్టి రూపం ఫోన్లతో వచ్చిందనుకుంటారు గానీ, బ్రిటిష్ నౌకాదళాధిపతిగా చేసిన ఫిషర్ 1917లో చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే ఓ.ఎం.జి. ఉంది.

ఒక మాట పుట్టుక కథ నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?

మొదట తేదీ చూడండి. "బాబ్స్ యువర్ అంకుల్", అంటే ఇక పనైపోయినట్టే అన్న మాట, 1887 నాటిదని చెబుతారు. ప్రధాని రాబర్ట్ సాలిస్‌బరీ తన మేనల్లుడు బాల్ఫర్‌కు ఐర్లండ్ మంత్రి పదవి కట్టబెట్టాడు, మామ బాబ్ ఉంటే చాలు అని జనం ఎద్దేవా చేశారట. మాట అచ్చులో కనపడేది 1920లలో. మధ్యలో ముప్పై ఏళ్ళకు పైగా ఎవరి నోటా లేకుండా ఎక్కడ దాక్కుంది? "ఫెయిర్ డింకమ్" అంటే బంగారు గనుల్లో చైనా కూలీల మాట అంటారు. అది ఇంగ్లండు మధ్య జిల్లాల పల్లె మాట, అక్కడ డింకమ్ అంటే పని.

ఇక పాత మాటను విడి అక్షరాలుగా చేసి, ఒక్కో అక్షరానికీ ఒక మాట చెప్పే కథలు వాట్సాప్‌లో వస్తే చదవకుండానే కొట్టేయొచ్చు. 20వ శతాబ్దానికి ముందు జనం అలా మాటలు పుట్టించడం చాలా అరుదు. ఓకే ఆ అరుదైన వాటిలో ఒకటి, అందుకే దాని మీద రీడ్ అన్నేళ్ళు కూర్చోవాల్సి వచ్చింది.

ఈ పాత కేకలు ఇప్పుడు ఎవరైనా వాడతారా?

"జౌండ్స్", "గాడ్‌జూక్స్" హాస్యానికే. "గాష్", "బ్లైమీ" మామూలుగానే వినిపిస్తాయి, కాస్త పెద్ద వయసువాళ్ళ నోట. "క్రైకీ" ఆస్ట్రేలియా బయట వాడితే టీవీలో మొసళ్ళను పట్టే స్టీవ్ అర్విన్‌ను అనుకరిస్తున్నారనుకుంటారు. దెబ్బ తగిలినప్పుడు మాత్రం మీకు "అబ్బా" తప్ప ఇంకేదీ రాదు. దాన్ని ఆపుకోనక్కర్లేదు.